చేతులు కంపెనీకి, కాళ్లు మనకు

హైదరాబాద్‌లో ఏజెన్సీ ఉద్యోగం మానేసి జడ్చర్ల దగ్గర మందుల ఫ్యాక్టరీలో చేరుతున్నానంటే స్నేహితులు నన్ను పరామర్శించారు. ఎనిమిదేళ్లు బిస్కెట్లకూ బిల్డర్లకూ బీమాకూ ఒకే ఉత్సాహంతో ప్రకటనలు రాసినదాన్ని. వాటిని ఎవరు చదువుతారో ఒక్కసారీ చూడలేదు. క్లయింట్ ఓకే అంటే ఆ పూటకు బతికిపోయినట్టే. ఇక్కడ ఒకటే కంపెనీ, దాని మాటను అందులో పనిచేసేవాళ్లకు చేర్చడమే నా పని. పైగా మహబూబ్‌నగర్‌లో అమ్మ చేతి అన్నం తిని బస్సెక్కొచ్చు.

మేనేజరు మాత్రం మొదటి రోజే తేల్చేశాడు. "మీ కుర్చీ మాకు కొత్త. మూడు నెలలు చూస్తాం. మీరు రాసింది పనిచేస్తే ఉంటారు."

అసలు పరీక్ష బతుకమ్మతో వచ్చింది. ప్యాకింగ్ హాల్లోకి వెళ్లేవాళ్ల చేతులకు రంగు ఉండకూడదని నియమం. గోరింటాకు, అదే మా వైపు మైదాకు, పెట్టుకోకపోతే మా ఆడవాళ్లకు బతుకమ్మ వచ్చినట్టే ఉండదు. కిందటేడు సగం మంది ఎర్రటి అరచేతులతో వచ్చారట, వెనక్కి పంపేస్తే హాలు మూతపడిందట. ఈసారి అలా కాకుండా చూడాలి.

ఓస్, ఇంతేనా అనుకున్నాను. ఏజెన్సీలో ఏ పనికైనా మూడు నమూనాలు ఇస్తాం. ఒకటి మనకు నచ్చింది, ఒకటి క్లయింట్‌కు నచ్చేది, ఒకటి కావాలనే చెడగొట్టింది, దాని పక్కన మిగతావి బాగా కనబడాలని. అలాగే గోరింటాకు వద్దని చెప్పే మూడు పోస్టర్లు మేనేజరు ముందు పరిచాను.

"మూడెందుకమ్మా? పనిచేసేది ఒకటి చాలు కదా," అన్నాడు. నా మొహం చూడాలి అప్పుడు!

నాకు నచ్చినదాన్ని క్యాంటీన్ గోడకు అంటించి, ఎదురుగా అన్నం తింటూ కూర్చున్నాను. ఒక్కరూ తలెత్తలేదు. నా బల్ల దగ్గరే ప్యాకింగ్‌లో అందరికన్నా పాత మనిషి తింటోంది. అందరూ ఆమెను అక్కా అంటారు. ఉండబట్టలేక అడిగేశాను.

"అక్కా, గా పోస్టర్ ఎవ్వరు చూస్తలేరేంది?"

"ఏం జూడాలె బిడ్డా? వద్దు, వద్దు, వద్దు. గోడలన్నిటి మీద గదే మాట. ఏడాదికొక్కసారొచ్చే బతుకమ్మ, మైదాకు లేకుంట మనసొప్పుతదా?"

"మరి ఏం రాయాలె?"

ఆమె చెయ్యి కడుక్కొని వచ్చి చెప్పింది. "పెట్టుకోమనే రాయి. కాళ్లకు. హాల్ల కాళ్లకు బూట్లుంటయి గద, ఎవలకేం నష్టం? చేతులు కంపెనీకి, కాళ్లు మనకు."

అబ్బ! ఎనిమిదేళ్లలో నేను రాయలేని మాట. మేనేజరు నాణ్యత విభాగం వాళ్లను అడిగి సరేనన్నాడు. రెండు ఎర్రటి పాదాలు గీయించి, కింద అక్క మాట అక్షరం మార్చకుండా వేశాను. మధ్యాహ్నానికి ఆ గోడ ముందు గుంపు, ఒకటే నవ్వులు. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది.

పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ మరునాడు పొద్దున్నే హాలు వాకిట నిలబడ్డాను. నా గడువు ఇంకో వారమే. ఒక్కొక్కరే వచ్చి గార్డుకు చేతులు చూపిస్తున్నారు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి! చెప్పులు విడిస్తే పాదాలు మాత్రం ఎర్రగా పండి ఉన్నాయి. సంతోషం పట్టలేక, లోపల ఒక ఫోటో తీద్దామని నేనూ వరుసలో చేరి చేతులు చాపాను.

గార్డు నవ్వు ఆపుకోలేకపోయాడు. నా చేతులకు మణికట్టు దాకా గోరింటాకు! మొన్న సాయంత్రం అమ్మ మైదాకు ముద్దలు పెడుతుంటే హాయిగా చాపుకుని కూర్చున్నాను. ఆ పోస్టర్ నాకూ వర్తిస్తుందని తట్టనే లేదు.

"నీ కాయిదం నువ్వే సదువలేదా బిడ్డా?" అని అక్క కేకేసింది. వరుసంతా గొల్లున నవ్వింది.

అప్పుడే వచ్చిన మేనేజరు నా చేతులు చూశాడు. లోపలికి వెళ్తున్న వరుసను చూశాడు.

"ఈమెను హాల్లోకి రానివ్వకండి," అన్నాడు గార్డుతో. తర్వాత నా వైపు తిరిగాడు. "ఉద్యోగంలో మాత్రం ఉండండి."

హాలు అద్దం అవతలి నుంచి అక్క చెయ్యి ఊపింది. నేను నా ఎర్రటి చేతులు రెండూ ఊపాను.