ఎండలోకి రమ్మన్న మాట

దర్శనాలు, స్వరాలు, అద్భుతాలు… వీటిని నేను ఏనాడూ నమ్మలేదు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్తాను, పాటలు పాడతాను. కానీ ఎవరైనా లేచి “నాకు స్వరం వినిపించింది” అని సాక్ష్యం చెబుతుంటే తల వంచుకుని గడియారం చూసుకునేదాన్ని. ముప్పై ఏళ్లు పిల్లలకు ఇంగ్లిషు చెప్పాను. ఎవరు ఏ మాట అన్నారన్నది నాకు ముఖ్యం. అందుకే ఆ రోజు ఎవరు ఏం విన్నారో విన్నది విన్నట్టే ఇక్కడ పెడుతున్నాను.

మాది వేలూరు, సత్తువాచారి. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా వైపు తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే కానీ చదవడం వచ్చినవాళ్లు తక్కువ. నాకు మా అమ్మ బైబిలు ముందు పెట్టి నేర్పింది. తెలుగు, తమిళం, ఇంగ్లిషు మూడూ వచ్చు కాబట్టి, రిటైరయ్యాక మా చర్చికి విదేశాల నుంచి ఎవరొచ్చినా తర్జుమాకు నన్నే పిలుస్తున్నారు.

పోయిన ఏడు వానలు వెలిసిన రోజుల్లో కెనడా నుంచి ఒక మిషనరీ జంట వారం రోజుల సేవకని వచ్చారు. హెరాల్డ్ గారు, మార్జొరీ గారు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. ఆయన ప్లంబరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ కళ్లజోళ్ల షాపులో పనిచేశారట.

కాట్పాడి స్టేషన్‌కు వాళ్లను తీసుకురావడానికి వెళ్లాను. రెండు పెద్ద పెట్టెలు దిగాయి. ఒకదాన్నిండా పైపు రెంచీలు, ఇంకోదాన్నిండా దగ్గరి చూపు కళ్లద్దాలు. బట్టలు మాత్రం ఇద్దరికీ కలిపి ఒక చిన్న సంచీ! అరక్కోణంలో రైలు ఆగినప్పుడు వడలు కొనుక్కున్నామని, అంత రుచి జన్మలో ఎరగమని, పలకరింపులు కూడా కాకముందే ఇద్దరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. నేను ఎవరికి జవాబు చెప్పాలో తెలియక నవ్వేశాను.

మొదటి రెండు రోజులూ వేలూరులో కళ్లద్దాలు పంచాం. ఒక ముసలాయన అద్దాలు పెట్టుకుని తన అరచేతిని తానే అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంటే, మార్జొరీ గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. సాయంత్రం దాకా ఆవిడ కాళ్లు నేల మీద నిలవలేదు.

మూడో రోజు గుడియాత్తం వెళ్లాం. ఊరి చివర తెలుగువాళ్ల కాలనీ ఒకటి ఉంది. మగవాళ్లు తాపీ పని, ఆడవాళ్లు ఇసుక, సిమెంటు మోసే పని. అక్కడ మా చర్చివాళ్లు పిల్లల ట్యూషన్‌కు ఒక గది, పక్కన ఆడవాళ్లకు రెండు బాత్‌రూములు కట్టిస్తున్నారు. వాటికి పైపులు వేసే పని హెరాల్డ్ గారిది.

“దొర పైపులు బిగిస్తాడంట” అని కాలనీ ఆడవాళ్లంతా పనికి పోకుండా చూడ్డానికి వచ్చారు. ఆయన మోకాళ్ల కింద గోనెపట్టా వేసుకుని కూర్చుని మొదటి జాయింటు బిగించేసరికి నవ్వులు ఆగాయి. పనివాణ్ని పనివాళ్లు ఇట్టే గుర్తుపడతారు. మధ్యాహ్నానికి వాళ్లే ఇటుకలు అందించడం మొదలుపెట్టారు.

వాళ్లందరికీ పెద్దదిక్కు మునెమ్మ. అరవై దాటిన మనిషి. హెరాల్డ్ గారికి తెలుగు నేర్పాలని పట్టు పట్టింది. “నీళ్లు అనప్పా” అంటుంది. ఆయన “నీలు” అంటారు. “ఎండ” అనమంటే “ఎన్‌దా” అంటారు. ఆయన నాలుక తిరగదు. రెండు రోజుల్లో వంద సార్లయినా అనిపించి ఉంటుంది. ఒక్కసారీ సరిగ్గా రాలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే నేను గుర్తు చేసుకోకుండా ఉండలేకపోతున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం. మేస్త్రీ పైపు బెండులు తేవడానికి బజారుకు వెళ్లాడు. కాలనీ మగవాళ్లంతా పనుల మీద బయట ఉన్నారు. గది వెనక మూతపడిన పాత గోడౌను గోడ ఒకటి ఉంది. మట్టి అడుసుతో కట్టింది, రెండు నిలువుల ఎత్తు. దాని నీడలో కూర్చుని అన్నాలు తిన్నాం. పదకొండు మంది ఆడవాళ్లు, నేను. మునెమ్మ కోడలు దేవకికి ఆరో నెల. గోడకు వీపు ఆనించి కళ్లు మూసుకుంది. నేను ఆమె పక్కనే ఉన్నాను.

హెరాల్డ్ గారు, మార్జొరీ గారు మాకు ఇరవై అడుగుల దూరంలో ఎండలో నిలబడి ఉన్నారు. ఆవిడ ఫోనుతో ఫొటోలు తీస్తున్నారు.

అప్పుడు ఆయన గట్టిగా అరిచారు.

“లెయ్యండమ్మా! నీడలో కూసోవద్దు, ఎండలోకి రాండి!”

నీడలోని డ, ఎండలోని డ, అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. గుడియాత్తంలో పుట్టి పెరిగిన మనిషి అన్నట్టే ఉంది.

మునెమ్మ పకపకా నవ్వింది. “ఓయమ్మో! దొరకు మన మాట వచ్చేసింది, యాడ నేర్చినాడమ్మా ఈయన!” అంటూ లేచింది. అంతే, అందరూ నవ్వుతూ లేచారు. మిట్టమధ్యాహ్నం ఎండలోకి రమ్మంటాడేమిటని ఒకరినొకరు తోసుకుంటూ ఆయన దగ్గరికి పరుగెత్తారు. దేవకిని నేనే చెయ్యి పట్టి లేపాను. మేమెవరమూ భయపడి లేవలేదు. దొర తెలుగు మాట్లాడాడన్న సంబరంతో లేచాం.

నేను ఆయన్ను చేరుకుని నోరు తెరిచానో లేదో, వెనక పెద్ద చప్పుడైంది. గోడ మొత్తం మేం కూర్చున్న చోట పడింది.

దుమ్ము అణిగాక చూస్తే మా టిఫిన్ క్యారియర్లు రేకుల్లా అణిగిపోయి ఉన్నాయి. మునెమ్మ ఒక్కొక్కరి తలా తాకుతూ లెక్కపెట్టింది. పదకొండూ సరిపోయాక నన్ను కూడా తాకింది. ఆ తర్వాత ఏడుపో, నవ్వో తెలియని గోల. ఒకరి మెడలు ఒకరు పట్టుకుని గంతులేశాం. యాభై తొమ్మిదేళ్ల వయసులో నేను కూడా గంతులేశాను, అది నిజం.

హెరాల్డ్ గారు తెల్లబోయి నిలబడ్డారు. గోడ ఒరుగుతోందని ఎలా కనిపెట్టారని ఇంగ్లిషులో అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. గోడ వైపు చూడనే లేదట. టోపీ ఎక్కడ పెట్టానో కనిపించక, నా టోపీ ఎవరైనా చూశారా అని అరిచానన్నారు. మీరంతా నవ్వుతూ పరుగెత్తుకొస్తే టోపీ దొరికిందనుకున్నానన్నారు.

మార్జొరీ గారు ఆయన భుజం పక్కనే ఉన్నారు. ఆవిడా అదే చెప్పారు. టోపీ గురించే అడిగారు, ఇంగ్లిషులోనే అడిగారు. సరిగ్గా అప్పుడే తీసిన ఫొటో కూడా చూపించారు. అందులో ఆయన నోరు తెరిచి ఉంది, కుడిచెయ్యి బట్టతల మీద ఉంది.

వారమంతా ఆయన నోటి నుంచి వచ్చిన ప్రతి మాటనూ తెలుగులోకో తమిళంలోకో మార్చిందాన్ని నేను. ఆ ఒక్క మాట దగ్గరే నాకు పని పడలేదు.

మర్నాడు పని మొదలయ్యే ముందు ఆ పదకొండు మందినీ ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగాను. పరీక్షల్లో కాపీ కొట్టిన పిల్లల్ని విడివిడిగా అడిగినట్టు. పదిమంది అక్షరం పొల్లుపోకుండా నేను విన్నదే చెప్పారు.

పదకొండో మనిషి సెల్వి. పక్క వీధి తమిళామె, ఇటుకలు మోయడానికి వచ్చింది. తెలుగు రాదు. “ఆయన తెలుగులో ఏమన్నాడు?” అని తమిళంలో అడిగాను.

“తెలుంగా? తమిళ్ల దానే అక్కా కూప్పిట్టారు!” అంది. తెలుగా, తమిళంలోనే కదక్కా పిలిచాడు అని. లేచి ఎండలోకి రమ్మన్నాడని, తమిళం అంత బాగా వచ్చినవాడికి మీ తర్జుమా ఎందుకో అర్థం కాలేదని కూడా అంది.

నా చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాను. గోడ కింద ఉన్న పన్నెండు మందిమీ ఎవరి భాషలో వాళ్లం లెమ్మన్న మాట విన్నాం. గోడకు దూరంగా, ఆయన పక్కనే ఉన్న ఒకే ఒక్క మనిషి టోపీ గురించి విన్నది.

మా పాస్టర్ గారికి చెబితే, ఆదివారం లేచి సాక్ష్యం చెప్పమన్నారు. నేను లేవలేదు. మునెమ్మకు ఏ అనుమానమూ లేదు, వాళ్ల ఊరి గంగమ్మే సమయానికి దొర నోరు తెరిపించిందని పొంగలి పెట్టింది. మా ఆయన, బాగా ఎండదెబ్బ తగిలి ఉంటుంది మీకు అన్నాడు. పన్నెండు మందికీ ఒకే దెబ్బ తగులుతుందా అని అడిగితే పేపరు తిరగేశాడు.

హెరాల్డ్ గారు మాత్రం మిగిలిన రెండు రోజుల్లో పైపుల పని పూర్తి చేశారు. కుళాయి తిప్పగానే నీళ్లు దూకితే ఆడవాళ్లు ఈలలు వేశారు. “నీలు! నీలు!” అని ఆయనా అరిచారు. అప్పుడూ నాలుక తిరగలేదు.

వాళ్లు వెళ్లే రోజు పొద్దున మునెమ్మ, దేవకి గుడియాత్తం నుంచి రైలెక్కి కాట్పాడి వచ్చారు. మునెమ్మ నా వైపు చూడనైనా చూడకుండా నేరుగా ఆయన ముందు నిలబడి, రెండు చేతులూ పట్టుకుంది.

“ఇంత తెలుగు లోపల పెట్టుకోని వారమంతా మూగోని మాదిరి ఎందుకప్పా ఉండావు? మాతో మాట్లాడి ఉంటే ఏం పోయిండేది?”

నేను ఇంగ్లిషులో చెప్పాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. నాకు నిజంగా మీ భాష వచ్చి ఉంటే ఎంత బాగుండేదో, ఆ రోజు నేను అడిగింది టోపీ కోసమేనని ఆమెకు చెప్పండి అన్నారు. చెప్పాను. మునెమ్మ నా మాట అంతా విని, నన్ను పైనుంచి కిందికి చూసింది.

“నువ్వు సరిగ్గా మార్చి చెప్పలేదమ్మా” అంది.

ఇన్నేళ్లలో నా తర్జుమాను తప్పన్నవాళ్లు లేరు. ఆమె మాటను కూడా విన్నది విన్నట్టే ఇక్కడ పెడుతున్నాను.