సవరణలు: ఒకటి

స్టాంపు ప్యాడ్ మూత తీయగానే ఒక వాసన వస్తుంది. సిరా, నూనె కలిసిన ఘాటు వాసన. చిత్తూరు కోర్టు దగ్గర సందులో ఉన్న నా ఆఫీసులో ఇప్పుడు కంప్యూటరూ స్కానరూ ఉన్నాయి. పిటిషన్లు చాలావరకు ఆన్‌లైన్‌లోనే దాఖలు చేస్తున్నాం. అయినా సంతకం రాని మనిషి అఫిడవిట్ ఇవ్వాలంటే, అంటే తాను చెప్పేది నిజమని కోర్టుకు ప్రమాణం చేసి రాసివ్వాలంటే, వేలిముద్ర వేయాల్సిందే. మొన్న పలమనేరు నుంచి వచ్చిన ఒక ముసలాయన కోసం ఆ ప్యాడ్ మూత తీశాను. వాసన తగలగానే కమలాక్షి మేడమ్ పక్కన నిలబడినట్టే అనిపించి, కాసేపు పని ముందుకు సాగలేదు.

ఆమె నా సీనియర్. లా చదివి నేరుగా ఆమె దగ్గరే జూనియర్‌గా చేరాను. మొదటి నెలల్లో ఆమె నాకు నేర్పింది చట్టం కాదు, కాగితం. ఎడమ పక్క బాగా మార్జిన్ వదలాలి, లేకపోతే దబ్బనంతో గుచ్చి దారం కట్టినప్పుడు మాటలు కుట్టులోకి పోతాయి. లైనుకీ లైనుకీ మధ్య జాగా ఉండాలి, జడ్జి గారి కళ్లు కూడా మన కళ్లలాంటివే. ఒక పేరాలో ఒకే సంగతి, పేరాకొక నంబరు. వీటిలో ఏది తప్పినా కోర్టు ఆఫీసువాళ్లు కాగితాలు తిరగ్గొట్టేవాళ్లు. నాకు తల ప్రాణం తోకకొచ్చేది. ఆమె మాత్రం కళ్లజోడు సర్దుకుని, ఇక్కడ తిరగ్గొడితే మళ్లీ రాసుకోవచ్చని, జడ్జి ముందు తిరగబడితే రాసుకోవడానికేమీ ఉండదని అనేవారు.

అఫిడవిట్ విషయంలో మా వైపు కోర్టుల్లో ఒక పద్ధతి ఉంది. ప్రతి పేజీ అడుగున, ఆ పేజీలో చేతితో చేసిన సవరణలు ఎన్ని ఉన్నాయో రాయాలి. ఒక మాట కొట్టేస్తే పక్క మార్జిన్‌లో ప్రమాణం చేసే మనిషి సంతకమో వేలిముద్రో పెట్టి, అడుగున "సవరణలు: ఒకటి" అని వేయాలి. ఏమీ లేకపోతే "లేవు" అని రాయాలి. దాదాపు అన్ని ఆఫీసుల్లోనూ ఆ "లేవు" అనేది ముందే టైపు చేసి పెట్టుకుంటారు. సవరణ ఉన్న పేజీ అంటే చేతకానితనం కింద లెక్క, అలాంటి పేజీని శుభ్రంగా మళ్లీ కొట్టిస్తారు. మేడమ్ ఆఫీసులో ఆ చోటు ఖాళీగా ఉండేది. చదివి వినిపించకుండా ఎన్నని వేస్తావని నన్ను అడిగారు. అఫిడవిట్ ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి, చివర "తెలుగులో చదివి వినిపించాము, అర్థం చేసుకున్నారు" అని ఒక వాక్యం రాస్తాం. చాలామందికి అది ఉత్త వాక్యం. ఆమె ఆ పని నిజంగా చేసేవారు. క్లయింటు పక్కన కూర్చుని, లైను కింద వేలు పెట్టి, ప్రతి మాటా చిత్తూరు మాటలోకి మార్చి చదివేవారు. బయట మిగతా క్లయింట్లు విసుక్కునేవారు. నేనూ లోపల విసుక్కునేదాన్నే.

ఆ చదవడం ఎందుకో రూతమ్మ కేసులో తెలిసింది. రూతమ్మ చిత్తూరుకు ఆనుకుని ఉన్న పల్లెలో ఉండేది. సీజన్‌లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కూలికి పోయేది. కూతురు జ్వరంతో పోతే, మనవరాలిని తెచ్చుకుని సాకుతోంది. అల్లుడు ప్రభుదాస్ శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పిల్లను తనకు అప్పగించమని అతను కోర్టుకెళ్లాడు. చాలాసార్లు చూడటానికి వచ్చాననీ, అత్త వాకిట్లోనే తరిమేసిందనీ పిటిషన్‌లో రాయించాడు. దానికి మేం జవాబు అఫిడవిట్ వేయాలి. రూతమ్మ మా ఆఫీసులో కూర్చుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కూతురు పోయినాక అతను పిల్ల ముఖం ఒక్క తూరి కూడా చూడలేదని గట్టిగా చెప్పింది. నేను అలాగే రాశాను. బలమైన పేరా అది. ఆ ఒక్క మాట మీదే కేసు నిలబడుతుందని నా నమ్మకం.

దాఖలు చేయాల్సిన రోజు మేడమ్ చదవడం మొదలుపెట్టారు. రూతమ్మ ఒక్కో పేరాకూ తల ఊపుతోంది. ఆ పేరా రాగానే ఊపడం ఆగిపోయింది. మేడమ్ వేలు అక్కడే ఉంచి, ఏమీ అడక్కుండా కూర్చున్నారు. కాసేపటికి రూతమ్మ నేల చూస్తూ అంది.

"ఒగ తూరి వచ్చినాడమ్మా. క్రిస్మస్ ముందర. బిడ్డకు గౌను తెచ్చినాడు."

మేడమ్‌ని పక్కకు పిలిచి, ఆ సంగతి ఒప్పుకుంటే మిగతా సార్లు కూడా నిజమేనని అవతలి లాయరు సాగదీస్తాడనీ, మనంతట మనం చెప్పకపోతే రుజువు చేయడం వాళ్ల తలనొప్పి అనీ చెప్పాను. ఆమె నా మీద కోప్పడలేదు. మళ్లీ వెళ్లి రూతమ్మ పక్కన కూర్చుని, నేను అన్నదంతా ఆమెకు తెలిసే మాటల్లో చెప్పేశారు. ఇది రాస్తే బిడ్డను తీసుకుపోతారా అని రూతమ్మ అడిగింది.

"పోతారో పోరో నేను సెప్పలేనమ్మా," అన్నారు మేడమ్. "మొన్న నువ్వు కోపంలో అన్న్యావు, కడుపు కాలినోళ్లు ఎవురైనా అంటారు. ఈడ వేలు పెడితే మాత్రం అది నీ ప్రమాణం. యోచన చేసి సెప్పు. ఎంతసేపైనా ఉంటాను."

రూతమ్మ చాలాసేపు తన బొటనవేలినే చూసుకుంటూ కూర్చుంది.

"వచ్చినాడు గదమ్మా. ఆ గౌను విడవనే విడవదు బిడ్డ. అది నిద్దర పోయినాక విప్పి ఉతికేది నేను. రాసుకోండి."

మళ్లీ టైపు చేయించే వ్యవధి ఉంది. మేడమ్ వద్దన్నారు. పెన్నుతో ఆ మాట కొట్టేసి, పైన "ఒకసారి వచ్చాడు, పిల్లకు గౌను తెచ్చాడు" అని రాసి, పక్క మార్జిన్‌లో రూతమ్మ వేలిముద్ర వేయించారు. అడుగున ఖాళీగా ఉన్న చోట "ఒకటి" అని వేశారు. రూతమ్మ వేలికి అంటిన సిరాను తన చేతిగుడ్డతో తుడిచారు. ఇంత నిజాయితీతో పిల్లను పోగొట్టుకుంటామేమోనని నాకు ఆమె మీద లోలోపల మండిపోయింది.

వాయిదా రోజు ప్రభుదాస్ చేతిలో మా అఫిడవిట్ కాపీ ఉంది. అతని లాయరు ఏదో చెబుతున్నాడు కానీ అతను వినడం లేదు, ఆ పేజీనే చూస్తున్నాడు. జడ్జి గారు కూడా అక్కడే ఆగి, మార్జిన్‌లో ఉన్న వేలిముద్రను చూసి, రూతమ్మనీ ప్రభుదాస్‌నీ తన గదిలోకి పిలిపించి మాట్లాడారు. చివరికి పిల్ల అవ్వ దగ్గరే ఉండి చదువుకునేటట్టు, సెలవుల్లో నాయన దగ్గరకు పోయేటట్టు ఇద్దరూ ఒప్పుకున్నారు. గెలిచామని చెప్పను. ఆ రోజు వరండాలో ప్రభుదాస్ మేడమ్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నేను వచ్చిన ఆ ఒక్క దినం కూడా లేదంటుందనుకున్న్యాను మేడమ్. ఆమెకు గౌను గ్యాపకం ఉండాది."

కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. తర్వాత చాలా ఏళ్లు ఆమె దగ్గరే పనిచేశాను. సొంత ఆఫీసు పెట్టుకున్నాక కూడా వారానికోసారి ఆమె ఇంటికి వెళ్లేదాన్ని.

పోయినేడు ఆమెకు జబ్బు ముదిరింది. షుగరు వల్ల చూపు దాదాపు పోయింది, మూత్రపిండాలూ చెడ్డాయి. ఆ సమయంలోనే, ఎప్పుడో ఆమె సాక్షి సంతకం చేసిన ఒక వీలునామా మీద కేసు విచారణకు వచ్చింది. రెండో సాక్షి అంతకుముందే చనిపోయాడు. ఆమె వాంగ్మూలం లేకపోతే ఆ వీలునామా ప్రకారం ఆస్తి రావాల్సిన కుటుంబానికి వేరే ఆధారం లేదు. తాను కోర్టుకు రాలేనని, ఇంటికే కమిషనర్‌ను, అంటే కోర్టు నియమించే ఒక లాయరును, పంపి సాక్ష్యం తీసుకోమని ఆమె తరఫున అఫిడవిట్ తయారుచేశాను. మంచం పక్కన కూర్చుని, ఆమె నేర్పినట్టే, ప్రతి లైనూ చదివాను. "అనారోగ్యం వల్ల కొంతకాలం కోర్టుకు రాలేను" అన్న చోట ఆమె చెయ్యెత్తారు.

"ఆ కొంతకాలం ఎవురు సెప్పినారు అమ్మణ్ణీ?"

డాక్టర్లు ఆశ వదులుకోలేదని ఏదో అన్నాను.

"కొంతకాలమే అంటే జడ్జి గారు వాయిదా వేస్తారు. న్యాయమే. నాకు అంత టైము లేదు. కొట్టెయ్."

ఆమెకు కనిపించదు. కొట్టేశానని చెప్పి ఊరుకోవచ్చు. ఆ మాట నేను రాసింది కోర్టు కోసం కాదు, నా కోసం. నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆమె తొందరపెట్టలేదు, రూతమ్మ కోసం ఆగినట్టే ఆగారు. చివరికి గీత గీశాను. ఆమె చెయ్యి పట్టుకుని మార్జిన్ దగ్గర పెడితే, వంకరటింకరగా పొట్టి సంతకం చేశారు.

"అడుగున వేసినావా?"

"వేశాను మేడమ్. ఒకటి."

కమిషనర్ వచ్చాడు, ఆమె సాక్ష్యం చెప్పారు. అది కోర్టుకు చేరిన కొద్దిరోజులకే ఆమె వెళ్లిపోయారు. ఆమె లేని కోర్టు నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. వరండాలో నడుస్తూ నడుస్తూ, ఏదో అడగడానికి పక్కకు తిరుగుతాను.

మొన్న ఆ పలమనేరు ముసలాయన వేలు చాపి ఎదురుచూస్తున్నాడు. మా జూనియర్ ఇచ్చిన కాగితంలో ప్రతి పేజీ అడుగునా "సవరణలు: లేవు" అని ముందే అచ్చయి ఉంది. కంప్యూటర్‌లో ఆ మాట తీసేయించి, మళ్లీ ప్రింటు తీయించాను. ప్యాడ్ మూత పెట్టేసి, కుర్చీ ఆయన పక్కకు జరుపుకుని, మొదటి లైను కింద వేలు పెట్టాను. తప్పు అనిపించిన చోట ఆపమని చెప్పి, చదవడం మొదలుపెట్టాను.