మామకు మోటారు చేసిన ఫోన్లు

ఆ రోజుల్లో ఫోన్‌లో యాప్ ఎక్కించడం తెలిసినవాడికి మా బంధువుల్లో దాదాపు డాక్టరుకున్నంత మర్యాద ఉండేది. స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే మా పల్లెల్లోకి వచ్చాయి. నేను ప్రొద్దుటూరులో డిగ్రీ ముగించి, ఉద్యోగం దొరికేదాకా ఊరికే లేనని చూపించుకోవడానికి ఒక కంప్యూటర్ సెంటరుకు పోయి వస్తుండేవాణ్ణి. అక్కడ నేర్చుకున్నది తక్కువ. కానీ ప్రతి ఫోన్‌లో తప్పక ఉండాల్సిన యాప్‌లంటూ వచ్చే వ్యాసాలు చదివి చదివి, లేని జబ్బులకు కూడా మందులు తెలుసుకున్నాను. ఎవరైనా ఫోన్ చేతికిచ్చి "చూడప్పా, కొంచెం నిదానంగా పనిచేస్తాంది" అంటే చాలు, బ్యాటరీ ఆదా చేసేది ఒకటి, వైరస్‌ను పట్టేది ఒకటి, టార్చి వెలిగించేది ఒకటి (టార్చి ఫోన్‌లో అప్పటికే ఉండేది, అయినా ఇంకొకటి వేసేవాణ్ణి) ఎక్కించి ఇచ్చేవాణ్ణి. దాంతో ఆ ఫోన్ మరింత నిదానమయ్యేది. వాళ్ళు దాన్ని ఫోన్ తప్పనుకునేవారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

మా మేనమామ పోయి ఏడాది దాటింది. పోయినవాళ్ళ గురించి పదిమందిలో చెప్పే పెద్ద మాటలు నాకు రావు. ఆయన తలపుకు వచ్చినప్పుడల్లా ముందుగా గుర్తొచ్చేది ఆయన ఫోన్, దాన్ని నేను బాగుచేసిన వైనం. అది తలచుకుంటే నవ్వే వస్తుంది. ఆయన కూడా అదే కోరుకునేవాడని నా నమ్మకం.

ఆ వేసవిలో నా వైద్యం జమ్మలమడుగులో మొదలైంది. మా పిన్ని ఫోన్‌లో చెత్త ఊడ్చే యాప్ ఒకటి వేసి వచ్చాను. అది గంటకోసారి గంట కొట్టి, 'మీ ఫోన్‌లో చాలా చెత్త ఉంది, ఇప్పుడే శుభ్రం చేయండి' అని శుద్ధ తెలుగులో చెప్పేది. పిన్ని ఇల్లు అద్దంలా ఉంచుకునే మనిషి. మరుసటి రోజు నాకు ఫోన్ చేసి, "ఏందిరా ఇది, ఇంట్లో జనాలుండంగా చెత్త చెత్త అని అరుస్తాంది? పొద్దున్నే కొంగు పెట్టి తుడిచినా గదా!" అంది. లోపలి చెత్త పిన్నీ అని చెప్పబోయాను. "నా ఫోన్ లోపల చెత్త యాడుంది? చూసినోళ్ళెవరు?" అని గొంతు పెంచింది. దాన్ని తీసేసేదాకా నన్ను వాళ్ళింటికి రావద్దని చెప్పింది. నేను నొచ్చుకోలేదు. డాక్టరన్నాక రోగి తిట్టడం మామూలే అనుకుని, సంచీ సర్దుకుని పులివెందుల బస్సెక్కాను. మామ వాళ్ళ ఊరు వేముల పక్కన.

మామ అంతకు ముందు సంవత్సరమే ఉన్న చేనంతా చీనీ (బత్తాయి) మొక్కలు నాటాడు. వేరుశనగ వరసగా దెబ్బతీసిన తర్వాత, ఇక ఇదే ఆఖరి ప్రయత్నమని, ఈ చెట్లు కాపుకొస్తే రైతుగా ఉంటా, లేకుంటే భూమి కౌలుకిచ్చి ప్రొద్దుటూరులో ఏదైనా గుడ్డల అంగట్లో కూర్చుంటానని అనేవాడట. మొక్కలకది రెండో ఎండాకాలం. అది దాటితే బతికినట్టే. బోరులో నీళ్ళు కొంచెమే. త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. దానంతటదే నడిచే స్టార్టరు పెడితే నీళ్ళు లేనప్పుడు కూడా తిరిగి మోటారు కాలిపోతుందని భయం. అందుకని సిమ్ము వేసిన పెట్టె ఒకటి పులివెందులలో కొని మోటారుకు తగిలించాడు. కరెంటు రాగానే అది మామకు ఫోన్ చేస్తుంది. ఎత్తితే ఒక ఆడగొంతు, 'కరెంటు వచ్చింది, మోటారు ఆన్ చేయడానికి ఒకటి నొక్కండి' అంటుంది. చవక రకం కాబట్టి మనం చేస్తే పలకదు, అదే చేయాలి. మామ ప్రతిసారీ ఆ గొంతు మాట పూర్తిగా విని, "ఆ, సరేమ్మా, నొక్కుతాండా" అని చెప్పి నొక్కేవాడు. "మీ మామకు యాళ గాని యాళ ఆయమ్మ ఫోన్లే" అని అత్త నవ్వేది.

అత్తకు అసలు బాధ మిగతా ఫోన్లతో. లోన్ కావాలా అని, ప్లాటు కొంటారా అని, ఎక్కడెక్కడి నుంచో చేసేవారు. మామ ఎవరి ఫోనూ పెట్టేసే మనిషి కాదు. "లోనా? వద్దు పాపా. ఏ ఊరు మీది? ... ఓ, వానలు పడినాయా ఆడ? ... మీ నాయన ఏం పంట పెట్టినాడు?" అని మొదలుపెడితే అవతలి పిల్లే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకోవాల్సి వచ్చేది. అన్నం ముందు కూర్చున్నా అంతే. సంగటి ముద్ద చల్లారిపోయేది.

"ఏమప్పా, ఇన్ని చదివినావు, ఈ ఫోన్లు రాకుండా చేసే మందు లేదా?" అంది అత్త.

ఉంది. ఎవరో తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే అది ఎవరిదో చెప్పి, చిరాకు ఫోన్లయితే మోగనీయకుండా తుంచేసే యాప్ అది. అది ఎక్కించాను. లోపల బోలెడన్ని గళ్ళున్నాయి, ఏది ఆపాలి, ఏది వదలాలి అని. నేను చదవలేదు. వైద్యం చేసేటప్పుడు సగం మందు ఇవ్వకూడదని, ఉన్న గళ్ళన్నిట్లో టిక్కులు పెట్టేశాను. మామ, "ఎవురన్నా పనిబడి చేస్తే?" అని ఒకసారి అడిగాడు. "పనున్నోళ్ళవి వస్తాయి మామా, పనిలేనోళ్ళవే రావు. అన్నీ దానికి తెలుసు" అన్నాను.

ఇంట్లో నిశ్శబ్దం దిగింది. మామ వేడి సంగటి తిన్నాడు. అత్త నాకు ఓళిగలు చేసి పెట్టి, నెయ్యి పోస్తూ, "మా అల్లుడు శానా తెలివైనోడు" అని పక్కింటామెకు వినిపించేలా చెప్పింది. నేను తెలివైనవాడిలా తిన్నాను.

అదే వారంలో మామ మోకాలు వాచి తోటకు పోలేకపోయాడు. అరుగు మీద ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. మోటారు ఫోన్ రాలేదు. మరునాడూ రాలేదు. అంతకు కొన్నాళ్ళ కిందటే ట్రాన్స్‌ఫార్మర్ కాలి బాగుచేసి ఉన్నారు కాబట్టి, కరెంటే సరిగా ఇవ్వడం లేదనుకున్నాం. అత్త ఒక పూట తోటకు పోయి చూసింది, అప్పుడు నిజంగానే కరెంటు లేదు. మామ లైన్‌మన్‌కు ఫోన్ చేశాడు. "ఇస్తానే ఉండాం మామా, వస్తాంది, పోతాంది" అన్నాడతను. "వస్తే ఆయమ్మ చెప్పదా?" అన్నాడు మామ మాతో. లైన్‌మన్ మాట మీద కన్నా ఆ గొంతు మీదే ఆయనకు నమ్మకం. ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఆయమ్మకు ఏమన్నా కోపమొచ్చిందేమో" అని నవ్వడానికి చూశాడు. నవ్వు సరిగా రాలేదు. రోజూ రెండు పూటలా ఆకాశం వైపు, ఫోన్ వైపు చూడటం తప్ప ఆయన వేరే పని చేయలేదు.

ఒక మధ్యాహ్నం ఆగలేక, తన మోటారు సైకిల్ నాకిచ్చి, నా వెనక కూర్చుని తోటకు వచ్చాడు. నా చెయ్యి పట్టుకుని కుంటుకుంటూ నడిచాడు. మొక్కల ఆకులు దోనెల్లా ముడుచుకుని ఉన్నాయి. గుట్టవైపు రాతినేలలో ఉన్న చివరి వరసలో ఆకులు ఎండి రాలుతున్నాయి. మామ వంగి ఒక కొమ్మను గోటితో గీకి చూశాడు. లోపల పచ్చదనం లేదు. పక్క కొమ్మ గీకాడు. ఆయన ఏమీ అనకుండా ఉండటం నేను అంతవరకూ చూడలేదు.

మోటారు షెడ్డు నీడలో కూర్చున్నాం. ఇంతలో పక్క తోటలో మోటారు మొదలైంది. నీళ్ళు తొట్టిలో పడే చప్పుడు స్పష్టంగా వినిపించింది. మామ తలెత్తాడు. "కరెంటొచ్చినట్టుందే!" మా పెట్టె వైపు చూశాను. దాని మీది ఎర్రదీపం మిణుకుమిణుకుమంటోంది. అది ఎవరికో ఫోన్ చేస్తోంది. మామ చేతిలో ఫోన్ ఉంది. అది మోగలేదు. పెట్టె కాసేపాగి మళ్ళీ మిణుకుమంది. ఫోన్ మాత్రం నేను నేర్పినట్టే, నోరు మూసుకుని ఉంది.

మామ చేతిలోంచి ఫోన్ తీసుకుని యాప్ తెరిచాను. ఆపేసిన ఫోన్లన్నీ వరసగా ఉన్నాయి. అన్నీ ఒకే నంబరు. పక్కన 'లోన్ కంపెనీ, చిరాకు ఫోన్' అని ఎర్ర అక్షరాలు. ఆ సిమ్ము నంబరు అంతకు ముందు ఏ లోన్ల వాళ్ళ దగ్గరుండేదో, దాన్ని ఎంతమంది తిట్టుకున్నారో, ఆ పాపమంతా మా మోటారు మోస్తోంది. ఆ నంబరును ఫోన్‌లో పేరు పెట్టి దాచుకుని ఉంటే యాప్ దాన్ని వదిలేసేది. మామకు ఆ అలవాటు లేదు. ఎవరినైనా గొంతుతోనే గుర్తుపట్టేవాడు.

"ఏందిరా అల్లుడా, అట్లయిపోయినావు?"

"మామా... ఆయమ్మ రోజూ చేస్తానే ఉంది. నేనేసిన యాపే కోసేస్తాంది."

మామ నా మొహం చూశాడు, పెట్టె చూశాడు, ఫోన్ చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "పాపం," అన్నాడు చివరికి, "ఎన్నిసార్లు చేసిందో!"

ఆ ఒక్క నంబరును వదిలేలా చేస్తానన్నాను. "వద్దు, మొత్తం తీసెయ్యి. మళ్ళీ ఎవురిని కోస్తాదో దానికే తెలీదు, నీకేం తెలుస్తాది?" అన్నాడు. తీసేశాను. వెంటనే ఫోన్ మోగింది. మామ చెవి దగ్గర పెట్టుకుని మొత్తం విన్నాడు. "ఆ, వచ్చిందిలేమ్మా, చూసినాం" అని ఒకటి నొక్కాడు. పక్కనే మోటారు కదిలింది. డ్రిప్పు పైపుల్లో గాలి బుసకొట్టి, తర్వాత నీళ్ళు కారడం మొదలైంది. మామ కుంటుకుంటూనే ఒక్కో వరసా తిరిగి, కారని చోట నాచేత ఊదించాడు. ఆ సాయంత్రం నా నోటినిండా మన్నే.

చాలా మొక్కలు తేరుకున్నాయి. చివరి వరస మాత్రం బతకలేదు. ఆ నెలంతా నేను మామ ఇంట్లోనే ఉండి, ఆ వరసకు బిందెలతో నీళ్ళు మోశాను. (అత్త ఓళిగలు చేయలేదు. చేయమని అడిగే మొహమూ నాకు లేదు.) లాభం లేకపోయింది. వానలు పడ్డాక మామ కొత్త మొక్కలు తెచ్చి, గుంటలు నాచేతే తవ్వించి, నాచేతే నాటించాడు. ఆ తర్వాత తోటకు ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకుపోయి, ఆ కథంతా పెట్టె దీపం మిణుకుతో సహా చెప్పేవాడు. ఒకటి రెండేళ్ళకు నాకు బెంగళూరులో ఉద్యోగం వచ్చినప్పుడు ఊరంతా చెప్పుకున్నాడు, "మా అల్లుడు సాఫ్ట్‌వేరు. ముందు మా తోటలోనే పనిచేసినాడు" అని. మిగతా చెట్లు కాపుకొచ్చాయి. ఆయన ఏ అంగట్లోనూ కూర్చోలేదు.

మొన్న ఆయన సాంవత్సరికానికి పోయినప్పుడు, తోట ఇప్పుడు చూసుకుంటున్న అత్తతో కలిసి కాపు చూడటానికి పోయాను. కాయలు కొనే వ్యాపారి వచ్చి ఉన్నాడు. చెట్లన్నీ చూసుకుంటూ వచ్చి, గుట్టవైపు చివర ఆగి, "ఈ వరసొకటి పొట్టిగా ఉందేందక్కా? జబ్బేమన్నా తగిలిందా?" అని అడిగాడు.

"జబ్బు గాదప్పా," అంది అత్త. "అయి మా అల్లుడు ఎక్కించిన యాపులు."

అతనికి అర్థం కాలేదు. అత్త వైపు, చెట్ల వైపు, చివరికి నా వైపు చూశాడు. బళ్ళో హాజరు పలికే పిల్లాడిలా చెయ్యి ఎత్తాను, నేనేనని. అతను తల ఊపి కాయల లెక్కలో పడ్డాడు. మామ ఉండి ఉంటే ఆ కథంతా అక్కడే మొదలుపెట్టేవాడు. వ్యాపారి లారీ ఆ పూట కదిలేది కాదు.