సులోచన మేడం బొగ్గుపొడి గోడ

మా ఆఫీసు కింద కొత్తగా సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టారు. టంకం వేస్తున్నప్పుడు గుగ్గిలం కాలినట్టు ఒక ఘాటు వాసన మెట్ల మీదికి వస్తుంది. మిగతావాళ్ళు ముక్కు మూసుకుని పైకి వెళ్ళిపోతారు. నేను మాత్రం ఓ క్షణం ఆగిపోతాను. సులోచన మేడం చేతులకు ఎప్పుడూ ఆ వాసన ఉండేది.

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో, తుకుం బజారులో, మా నాన్న గిన్నెల దుకాణానికి ఎదురుమేడ మీద ఆమె కంప్యూటర్ క్లాసు నడిపేది. దేశం తలుపులు తెరుచుకున్నాయని పేపర్లు రాస్తున్న రోజులవి. మా వీధిలో తెరుచుకున్నవి మాత్రం కంప్యూటర్ క్లాసులే. అన్నిచోట్లా టైపింగూ దుకాణం లెక్కలూ నేర్పేవారు. ఈమె ఏదో పత్రికతో వచ్చిన సీడీలో పైథాన్ అనే భాషను చూసి, తనంతట తానే నేర్చుకుని, అది చెప్పేది. పైథాన్ అంటే కొండచిలువ అని తెలిసినప్పటినుంచి మరాఠీ పిల్లలు ఆమెను ‘అజగర్ మేడం’ అనేవారు. ఆమె కూడా నవ్వేది.

కోర్పనా వైపు ఒక తెలుగు రైతుల ఇంటి ఆడపిల్ల ఆమె. పెళ్ళి చేసుకోలేదు. మొదటిరోజే నేను అడిగాను.

"మేడం, గిది నేర్చుకుంటె కొలువొస్తదా?"

"రాదు సరితా. కని చూసుడొస్తది."

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. నాకు కావలసింది కొలువు.

పొద్దున పూట ఆమె ఘుగ్గుస్ దారిలో ఒక బొగ్గు కంపెనీ దవాఖానలో పాత రిజిస్టర్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చేసేది. ఎక్కించాక రిజిస్టర్లను చింపి పారేయమన్నారట. ఆమె మాత్రం ప్రతిదీ ఫ్లాపీల్లో దాచుకుని తెచ్చింది. ఒక మధ్యాహ్నం నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఈ ఊర్ల అందరు బొగ్గు తవ్వుతరు. మనం ఈ రిజిస్టర్లు తవ్వుదాం. ఎవలు, ఏ క్వార్టర్ల ఉంటరు, ఎన్నిసార్లు దగ్గుతోని వచ్చిండ్రు. గంతే."

ప్రోగ్రాం రాసింది ఎక్కువగా నేనే. తెరమీద పేర్లు వరుసలు కట్టాయి. బొగ్గు నింపే యార్డు గోడను ఆనుకుని ఉన్న క్వార్టర్ల వాళ్ళే మళ్ళీ మళ్ళీ వచ్చారు, వాళ్ళ పిల్లలతో సహా. ఒక పేరు దగ్గర ఆమె వేలు ఆగింది. పోచన్న. ఆమె తమ్ముడు. ఆ యార్డులో లోడింగ్ పని చేసి, ముప్పై నిండకుండానే పోయాడు.

"నేనే ఎక్కించిన పేరు. ఎక్కించేటప్పుడు గూడ చూడలే," అంది.

ఆ ఏడు ఊళ్ళో కొత్త పరిశ్రమల ప్రదర్శన పెట్టారు. ఆ కంపెనీ వాళ్ళే ఆమెను ‘ఏదైనా కంప్యూటర్ వింత’ చేసిపెట్టమన్నారు. ఆమె ఒప్పుకుంది. బొగ్గుపొడిని తుమ్మజిగురుతో కలిపి ఒక పెద్ద తెల్లగోడ మీద ఆ కాలనీనంతా గీసింది. ప్రతి ఇంటికీ ఒక చిన్న బల్బు, దాని వెనక తానే టంకం వేసి చేసిన రేడియో రిసీవరు. చూడవచ్చినవాళ్ళు చేతిలో ఓ చిన్న వైర్‌లెస్ పెట్టె పట్టుకుని నడవాలి. ఏ ఇంటిని సమీపిస్తే ఆ ఇంటి రిసీవరు సంకేతాన్ని అందుకుని కంప్యూటర్‌కు చెబుతుంది. బల్బు ఊపిరి పీల్చినట్టు వెలిగి ఆరుతుంది. రిజిస్టర్లో దగ్గు ఎక్కువున్న ఇల్లయితే ఆయాసపడుతున్నట్టు గబగబా కొట్టుకుంటుంది. మేనేజరు బంగళా నిదానంగా, హాయిగా వెలుగుతుంది. అంతా సిద్ధమయ్యాక నేను పోచన్న ఇంటి ముందు నిలబడి చూశాను. ఎక్కువసేపు చూడలేకపోయాను.

ప్రారంభం రోజు పొద్దున ఆమె ఆ క్వార్టర్ల ఆడవాళ్ళను బస్సులో తీసుకురావడానికి వెళ్ళింది. నేనొక్కదాన్నే ఉన్నాను. కంపెనీ ఆఫీసరు వచ్చాడు, రాజురా ఊరి తెలుగాయన. పెట్టె పట్టుకుని గోడ పొడుగునా ఒకసారి నడిచాడు. రెండోసారి నడిచాడు. ఆయనకు అర్థమైంది.

"బిడ్డా, ప్రోగ్రాం నీదేనా?"

"అవు సార్."

"అన్ని ఇండ్లు ఒక్క తీరుగ వెలగాలె. పెద్ద సార్లు వస్తుండ్రు. మా ఆఫీసుల కంప్యూటర్ కొలువు ఖాళీ ఉన్నది, ఎరుకేనా?"

ఒక్క లైను మార్చాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మేడం ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చేసరికి పెద్దలు చప్పట్లు కొడుతున్నారు. గోడంతా పండగ తోరణంలా వెలుగుతోంది. ఒక ముసలామె తన ఇంటి ముందు పెట్టె పట్టుకుని నిలబడి, "మా ఇల్లు మంచిగనే ఉన్నది గదా సులోచనా, ఏంది చూడుమంటివి?" అంది. మేడం నేరుగా కంప్యూటర్ దగ్గరికొచ్చి తెర చదివింది.

"ఈ లైను నువ్వే రాసినవా?"

"అవు మేడం."

"తప్పుల్లేకుంట రాసినవు."

ఆమె ఆ ఆడవాళ్ళను బస్సెక్కించడానికి వెళ్ళిపోయింది.

రిజిస్టర్లలోని వివరాలు బయటికి తెచ్చిందని నెలలోపే ఆమెను దవాఖాన పనిలోంచి తీసేశారు. అద్దె కట్టలేక క్లాసు మూసేసింది. అప్పటికి నేను కంపెనీ ఆఫీసులో కుర్చీ మీద కూర్చున్నాను. ఎదురుమేడ తాళం చూసి మా నాన్న, "పాపం, మంచి మనిషి," అన్నాడు. నేను తలెత్తకుండా అన్నం తిన్నాను.

చాలా ఏళ్ళ తర్వాత గడ్‌చాందూర్ బస్టాండులో ఆమె కనిపించింది. జుట్టు నెరిసింది. పక్కన ఎవరో ఒకామె ఉంది. నేను కాళ్ళకు మొక్కబోతే చేయి పట్టి ఆపింది. తిడుతుందనుకున్నాను. నిజానికి తిట్టాలనే కోరుకున్నాను.

"ఏం చేస్తున్నవు సరితా?"

"గదే మేడం, డేటా పని. నాగపూర్ల."

ఆమె పక్కామె వైపు తిరిగి నన్ను పరిచయం చేసింది. "నా స్టూడెంట్. చానా హుషారు పిల్ల. ఏది చెప్తె అది చేస్తది."

గొంతులో ఎగతాళి లేదు, కోపం లేదు. బస్సు వచ్చింది. సంచీ భుజాన వేసుకుని ఎక్కేసింది.

ఆ తర్వాత పెద్ద కంపెనీల్లో పనిచేశాను. సభల్లో నా గురించి గొప్పగా చెప్పి వేదిక మీదికి పిలిచారు. పిలిచిన ప్రతిసారీ, వాళ్ళు ఏం చదువుతున్నా, నాకు వినిపించేది ఆమె చేసిన పరిచయమే. అంత సరిగ్గా నా గురించి మరెవరూ చెప్పలేదు.