బొట్టు పెట్టించుకున్న లైటు స్టాండు

పెళ్లిళ్లలో ఫొటోలు తీయడం నా భర్త పని. లైటు పట్టుకోవడం నా పని. జయపురంలో స్టూడియో బోర్డు మీద ఆయన పేరే ఉండేది గానీ, పెళ్లికూతురి మొహం ఎటు వెలగాలో తేల్చేది నా చేయి. ఫ్లాషును పొడుగాటి కర్రకి బిగించి, పక్కగా, కాస్త పైనుంచి పట్టుకునేదాన్ని. ఆయన కనుబొమ్మ ఎగరేస్తే పైకి, గడ్డం ఆడిస్తే కిందికి. పనిలో మాకు మాట అక్కర్లేదు. ఇంటికొచ్చాక దానికీ దీనికీ కలిపి కొట్లాడుకునేవాళ్లం, అది వేరే సంగతి.

ఆయన పోయాక కెమెరా నా చేతికొచ్చింది. నేను నిలబడే చోటికి ఒక స్టాండు వచ్చింది. కెమెరా నెత్తిన ఒక చిన్న డబ్బా, ఫ్లాషు కింద ఇంకో చిన్న డబ్బా. నేను బటన్ నొక్కితే ఈ డబ్బా ఆ డబ్బాకి గాల్లోనే కబురు పంపుతుంది, దూరంగా ఉన్న ఫ్లాషు వెలుగుతుంది. వైరు లేదు, పట్టుకునే మనిషీ అక్కర్లేదు. స్టాండు పెట్టిన చోట ఉంటుంది, కాళ్లు లాగుతున్నాయనదు, టీ అడగదు. భోజనాల దగ్గర పక్క విస్తరి ముందు కూర్చోదు కూడా. తిరిగొచ్చేటప్పుడు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే నాకు ఒళ్లు మండేది. దాని తప్పేమీ లేదని తెలిసే మండేది.

రాయగడలో బట్టల వ్యాపారం చేసే తెలుగువాళ్లింట్లో పెళ్లికి పిలుపొచ్చింది. నేను ఒక్కదాన్నే ఒప్పుకున్న మొదటి పెద్ద పెళ్లి అది. బాగా వస్తే బజారులో మిగతా కొట్లవాళ్లూ పిలుస్తారు. చెడితే స్టూడియోకి తాళం వేసి మా అన్నయ్య ఇంటికి పోవడమే. అక్కడ నాకో గది ఉందని అన్నయ్య కలిసినప్పుడల్లా చెప్పేవాడు. మంచివాడే పాపం. ఆ గది మాత్రం నాకు వద్దు.

ముహూర్తం పట్టపగలు. పందిరి వెనకవైపు తెరిచి ఉంది, అక్కడ సున్నం వేసిన గోడ మీద ఎండ పేలిపోతోంది. అలాంటి చోట ఉత్తినే ఫొటో తీస్తే వధూవరులు నల్లటి నీడలుగా వస్తారు. ఎండను తగ్గిద్దామని షట్టరు వేగం పెంచబుద్ధవుతుంది. పెంచకూడదు. కెమెరా లోపల రెండు తెరలుంటాయి. ఒకటి తొలగుతుంది, దాని వెనకే రెండోది మూసుకుంటూ వస్తుంది. మా కెమెరాలో వేగం రెండొందల దాకా, అంటే సెకనులో రెండొందలో వంతు దాకా ఉంటే, ఒకటి పూర్తిగా తొలగి రెండోది ఇంకా కదలని కాస్త సందు దొరుకుతుంది. ఫ్లాషు ఆ సందులోనే వెలగాలి. అది దాటితే మొదటిది పూర్తిగా తొలగకుండానే రెండోది బయల్దేరుతుంది, దాని చాటున పడిన భాగం నల్లటి పట్టీలా వస్తుంది. పెళ్లిలో అడ్డుతెర లాంటిదే అనుకో, పూర్తిగా దిగకముందు సగం మొహమే కనిపిస్తుంది అని ఆయన చెప్పేవారు. ఈ హద్దును దాటే ఫ్లాషులు ఇప్పుడు వచ్చాయట. మాది పాతది.

అందుకని వేగం రెండొందల దగ్గరే ఉంచి, లెన్సు కన్ను బాగా చిన్నది చేసి, ఫ్లాషుని నిండు బలానికి పెట్టాను. అలా ఒకసారి వెలిగితే మళ్లీ సిద్ధం కావడానికి దానికి కాస్త సమయం కావాలి. అంటే తెర దిగే క్షణానికి నాకు ఒక్క వెలుగే.

స్టాండుని వేదిక పక్కన నిలబెట్టి కెమెరా పట్టుకుని ఎదురుగా వెళ్లబోతుంటే పెళ్లికూతురి మేనత్త వచ్చి నా మోచేయి పట్టుకుంది.

"ఏటీ అనుకోకమ్మా. ముహూర్తం యేళకి నువ్వు ఎదురుగుండా ఉండొద్దు. కాస్త ఎనక్కెళ్లి తీసుకో. మాకేటీ లేదు గానీ, పెద్దోళ్లు సూస్తే అంటారు."

విధవరాలిని ఎదురుగా ఉంచుకోరు. నాకు తెలియనిది కాదు. మనసులో వెయ్యి అనుకున్నాను, పైకి "సరేనండీ" అన్నాను. లైటు అక్కడే ఉండొచ్చా అని అడిగాను. లైటుకేముంది, ఉండొచ్చు అంది. ఉండటమే కాదు, పళ్లెంతో వచ్చిన ముత్తైదువ ఒకావిడ స్టాండు కాలికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పైన ఫ్లాషుకి బంతిపూల దండ కూడా వేసింది. వ్యాపారస్తులు తరాజుకీ బీరువాకీ పెట్టినట్టే పెట్టింది. నాకు పెట్టని బొట్టు నా స్టాండుకి పెట్టారు. చివరి వరసకి నడుస్తూ నవ్వుకున్నాను. నవ్వు ఆగగానే ఏడుపొచ్చింది.

చివరి వరసలో, స్తంభం పక్కన, తెల్లటి నేత చీరలో ఒక ముసలావిడ ఒక్కతే కూర్చుని ఉంది. పెళ్లికూతురి నాయనమ్మ. ఆవిడ్ని ఎవరూ వెళ్లమనలేదట, తనే వచ్చి కూర్చుందట. గుప్పిట్లో అక్షింతలు.

"నువ్వూ ఇక్కడికేనేటమ్మి?" అంది నన్ను చూసి.

"ఇక్కడికే మామ్మా."

పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ చూపించింది. నేను కూర్చోలేదు, దాని మీద ఎక్కాను. అక్షింతలు వేయడానికి జనం లేచారంటే కింద నుంచి నాకు వీపులే కనిపిస్తాయి. కుర్చీ ఊగింది. ఆవిడ లేచి ఖాళీ చేత్తో దాని వీపు పట్టుకుంది.

లెన్సులోంచి వేదిక వైపు చూశాను. బంతిపూల దండ జారి ఫ్లాషు మొహానికి అడ్డంగా వేలాడుతోంది. వెళ్లి తీయడానికి నాకు వీల్లేదు. వేదిక మీద వీడియో అబ్బాయి తన లోకంలో తనున్నాడు. సన్నాయి, డోలు హోరులో నా గొంతు ఎవరికీ వినపడదు. ఏమైందని నాయనమ్మ అడిగితే చెప్పాను.

ఆవిడ కుర్చీ వదిలి, స్తంభం మీద ఖాళీ అరచేత్తో దబదబా బాదింది. "ఒలే! ఆ లైటు మొగం మీద దండ తియ్యండే! పిల్ల మొగం సీకటైపోద్ది!"

మేనత్త వెనక్కి తిరిగింది. తన తల్లి అంత గట్టిగా అరవడం ఎప్పుడూ వినలేదేమో, బిత్తరపోయి దండ తీసేసింది. అదే సమయానికి పురోహితుడు చేయెత్తాడు, మేళం ఒక్కసారిగా హోరెత్తింది, జనం లేచారు. తెర దిగింది. నొక్కాను. అక్కడ, నేను వెళ్లకూడని చోట, నా లైటు వెలిగింది.

కుర్చీ దిగి ఫొటో చూశాను. పట్టీ లేదు. జీలకర్ర బెల్లం ఒకరి తల మీద ఒకరు పెట్టుకుంటూ ఇద్దరూ నిండుగా వెలిగి ఉన్నారు, వెనక గోడ కూడా ఎండకి పేలిపోకుండా నిలిచింది. తిరిగి చూపించడానికి పక్కన ఆయన లేరు. నాయనమ్మకి చూపించాను. మొహం పెద్దది చేస్తే ఆవిడ కెమెరాకి ముక్కు ఆనించినంత దగ్గరగా చూసింది.

"నవ్వుతున్నాది" అంది. "అచ్చం ఆళ్ల తాత నవ్వే."

అందరూ వేసినా ఆవిడ గుప్పిట ఇంకా మూసే ఉంది. వెయ్యలేదేమని అడిగాను.

"ఇక్కడ్నుంచి ఇసిరితే ఎక్కడికెల్తాయమ్మి?"

గుప్పిట విప్పింది. పసుపు బియ్యం చెమటకి అరచేతికి అంటుకుపోయి ఉంది. నాకు ఆవిడ ఫొటో తీయాలనిపించింది. ఆ చేయీ, ఆ మొహమూ. కెమెరా ఎత్తి నొక్కేశాను. ఫ్లాషు ఇక్కడ లేదన్న సంగతే గుర్తు లేదు. లైటు మళ్లీ వేదిక మీదే భగ్గుమంది.

వేదిక మీద వాళ్లంతా ఉలిక్కిపడ్డారు. పురోహితుడు మంత్రం ఆపి స్టాండు వైపు చూశాడు, తర్వాత అందరూ నా వైపు చూశారు. పెళ్లికూతురూ చూసింది. నన్ను కాదు, నా పక్కన నిలబడి ఉన్న నాయనమ్మని. ఆ అమ్మాయి అందాకా ఎవరినో వెతుకుతూనే ఉందని ఆమె మొహం చూస్తే తెలిసింది. జనం తలల మీదుగా రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

నాయనమ్మ తన బలమంతా కూడదీసుకుని అక్షింతలు విసిరింది. అవి మా ముందున్న వరస కూడా దాటలేదు. సగం ఖాళీ కుర్చీల మీద, సగం నా నెత్తి మీద పడ్డాయి.

"అయ్యో, నీ మీద పడిపోయేయి" అంటూ ఆవిడ కంగారుగా దులపబోయింది.

"ఉండనీండి మామ్మా" అని చేయి పట్టుకుని ఆపాను. ఆయన పోయాక నా మీద అక్షింతలు పడటం అదే మొదటిసారి.

ఆ ముహూర్తం ఫొటో చూసి ఆ బజారులో వాళ్లు మరికొందరు పిలిచారు. అన్నయ్య గది ఖాళీగానే ఉంది. నాయనమ్మ ఫొటో మాత్రం ఫ్లాషు అందక దాదాపు నల్లగా వచ్చింది, మొహం పోల్చుకోవడానికి లేదు, అరచేతిలో పసుపు మాత్రం కాస్త తెలుస్తుంది. దాన్ని నేను తీసేయలేదు.

ఆ సాయంత్రం రైల్లో పక్క సీటు ఖాళీగా ఉంటే స్టాండుని అక్కడ పెట్టాను. బొట్టు చెదరకుండా ఉంది. కోరాపుట్ దాకా కిటికీలోంచి గాలి కొడుతూనే ఉంది, నా జుట్టులోంచి ఒక్కో బియ్యపు గింజా రాలుతుంటే ఏరి కొంగున కట్టుకుంటూ కూర్చున్నాను.