గులాబీ ఆకుల దర్జీ

మా పక్కింటి ఖాలా పోయారని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నేను వెంటనే ఖమ్మంలో బస్సెక్కాను.

కల్లూరులో మా వీధికంతటికీ జాకెట్లు కుట్టింది ఆమే. చుట్టరికం లేకపోయినా పిల్లలందరికీ ఖాలానే, అంటే పిన్ని. బడి నుంచి వచ్చి ఆమె మిషను పక్కన కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. "మాట్లాడవేందే" అని ఆమె ఎన్నడూ అనలేదు. నా వంతు మాటలు కూడా తనే మాట్లాడేవారు.

ఏడో తరగతిలో ఉండగా ఒక పొద్దున నన్ను ప్రహరీ దగ్గరికి పిలిచారు. మా గులాబీ ఆకు అంచున తేనెటీగలాంటి చిన్న ఈగ కూర్చుని, చుట్టూ తిరుగుతూ ఒక ముక్క కోసింది. దాన్ని పొట్ట కింద పట్టుకుని ఖాలా కిటికీ చెక్కలోని రంధ్రంలోకి దూరింది.

"లోపల పిల్లలకు పక్క పరుస్తది. ఇది దర్జీ, బేటా. టేపు లేదు, సుద్దముక్క లేదు, ఎంత గుండ్రంగ తీసిందో సూడు. ఇన్నేండ్ల సంది కుడుతున్న, నాకు జాకెట్ మెడ ఇప్పటికీ వంకరనే పోతది."

ఆ వారమే అమ్మ ఆకులు చూసింది. "మా చెట్టును కత్తెరతోని కోస్తున్నదెవరు ఆపా?" అని గోడ మీదుగా ఖాలాను అడిగింది. అమ్మకు ఆమె ఆపా, అంటే అక్క.

"ఇంకెవరు, దర్జీనే" అని ఖాలా నవ్వారు.

మా వీధిలో దర్జీ అంటే ఆమె ఒక్కరే.

"కోసింది గాక నవ్వుడొకటా?"

ఖాలా ఈగ సంగతి చెప్పారు. అమ్మ నమ్మలేదు. "ఈగకు కత్తెరుంటదా?" అంది. ఖాలా ఒక్కసారి నావైపు చూశారు. నేను తల వంచుకున్నాను. పిల్లను అడుగు అని ఆమె అనలేదు.

అమ్మ కొత్త జాకెట్ గుడ్డ బస్టాండు దగ్గర కుట్టడానికిచ్చింది. గోడ మీదుగా కూర గిన్నెలు అటూ ఇటూ వెళ్లడం ఆగిపోయింది. వాళ్లిక మాట్లాడుకోరేమోనని భయం. నోరు తెరవాలంటే అంతకన్నా భయం. నాలుగో రోజు అన్నం తింటూ చెప్పేశాను. "నేను చూసిన అమ్మా. ఈగనే."

అమ్మ చేయి కడుక్కుని, బీరువాలోంచి ఇంకో గుడ్డ తీసుకుని గోడ దగ్గరికి నడిచింది.

"ఆపా, బస్టాండోడు చేతులు బిగుతుగ కుట్టిండు."

"నీ చేతులే లావైనయేమో, సూస్కున్నవా?"

నన్నెందుకు సాక్ష్యం పిలవలేదని తర్వాత ఖాలాను అడిగాను.

"నిలబెట్టి అడిగితే నీకు జరం రాదా? చెప్తవని తెలుసు. జర లేటయితది, గంతే."

ఇప్పుడు ఎవరి గులాబీ మీద ఆ గుండ్రాలు కనిపించినా, మందు కొట్టొద్దని, చెట్టుకేమీ కాదని అడక్కముందే చెబుతున్నాను.

నేను ఖమ్మం నుంచి చేరేసరికి ఖాలాను ఖననానికి తీసుకుపోయారు. అమ్మ ఆమె ఇంట్లో మిషను పక్కన నేల మీద కూర్చుని, రాలిన దారం ముక్కలు, ఎర్రవీ పసుపువీ, ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంటోంది.

"నేను ఊడుస్త అమ్మా" అన్నాను.

"ఉండనీ" అంది.