ఏడు గుర్రాలూ, ఎదురు బ్లాకు నైటీలూ

నాకు ఇన్‌స్పిరేషన్ ఎక్కడి నుంచి వస్తుందని సింగపూర్‌లో నన్ను అడగని తెలుగువాళ్ళు లేరు. నిజం చెబితే నొచ్చుకుంటారని నవ్వి ఊరుకునేదాన్ని. ఆ రోజుల్లో అది గుంటూరు నుంచి ఐఎస్‌డీ కాల్‌లో వచ్చేది. గృహప్రవేశం పెట్టుకున్నవాళ్ళు అక్కడి వాస్తు సిద్ధాంతిగారికి ఫోన్ చేసేవారు. ఏ గోడకి ఏ బొమ్మ ఉండాలో ఆయన చెప్పేవాడు. వాళ్ళు వచ్చి నాకు చెప్పేవారు. నేను గీసి ఇచ్చేదాన్ని.

ఎక్కువగా ఏడు గుర్రాలే. అవి ఇంట్లోకి పరిగెత్తుతూ ఉండాలి. మొహం తలుపు వైపు తిరిగితే ఉద్యోగం కూడా అటే పోతుందట. కోడింగ్ వచ్చిన ప్రతివాడినీ కంపెనీలు విమానం టిక్కెట్టు చేతిలో పెట్టి మరీ రప్పించుకుంటున్న కాలమది. అలాంటివాళ్ళకి గుర్రాల సాయం ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. పైగా బొమ్మ సగంలో ఉండగా మగవాళ్ళు వచ్చి ‘రివ్యూ’ చేసేవారు. ఒకాయన మూడో గుర్రం వెనక కాలు ‘బగ్’ అన్నాడు. ఇంకొకాయన బొమ్మంతా అయ్యాక, రిక్వైర్‌మెంట్ మారిందండీ, గుర్రాల వెనక జలపాతం కూడా కావాలన్నాడు. వాళ్ళ పిల్ల మాత్రం కాసేపు తేరిపార చూసి, “ఆంటీ, దిస్ వన్ లుక్ లైక్ డాగ్ లా” అంది. అన్ని ఇళ్ళలోనూ నా బొమ్మని నిజంగా చూసింది ఆ పిల్ల ఒక్కతే.

నేను బొమ్మలు వేయడం కాలేజీలో చదువుకున్నదాన్ని. పెళ్ళయి, మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెంట బుకిట్ పంజాంగ్‌లో అద్దె ఫ్లాట్‌కి వచ్చి పడ్డాను. వచ్చినప్పటి నుంచీ అందరిదీ ఒకటే మాట: “మీరు ఖాళీయే కదా!” ఖాళీ మనిషి చేతికి తలా ఓ గుర్రం అప్పజెప్పారు. గుర్రాలు వేసీ వేసీ నా చెయ్యి దానంతటదే జూలు గీసేసేది. ఒక్క బొమ్మ, ఎవరూ అడగనిది, నాకోసం నేను వేసుకున్నది ఒక్కటి లేకుండానే ఇక్కడి నుంచి వెళ్ళిపోతానేమోనని లోపల ఒకటే భయం. చెబితే ఎవరికి అర్థమవుతుంది?

మా ఆయనకి చెప్పాను. ఆయన సమస్య వింటే చాలు, పరిష్కారం వెతికేసే రకం. ఆ శనివారమే ఆర్కిడ్ల తోటకి తీసుకెళ్ళాడు. ప్రతి పువ్వు పక్కనా నన్ను నిలబెట్టి ఫోటో తీశాడు. “వచ్చిందా ఇన్‌స్పిరేషన్?” అని ఒకటికి పదిసార్లు అడిగాడు. రాలేదు. కాళ్ళ నొప్పులు వచ్చాయి.

తీరా చూస్తే అది మా వంటింటి కిటికీ ముందే ఉంది. మా కిటికీకి ఎదురుగా ఇంకో బ్లాకు వంటిళ్ళు, సగం మా ఆయన ఆఫీసు తెలుగువాళ్ళవే. ప్రతి కిటికీ కింది నుంచీ వెదురు గడలు గాల్లోకి పొడుచుకొచ్చి ఉంటాయి. వాటి నిండా బట్టలు. ఒక రోజు కుక్కర్ కూతల కోసం నిలబడి అటు చూస్తున్నాను. నీలం చొక్కాలు, వాటి పక్కన వెలిసిన నైటీలు, లంగాలు, చంటిపిల్లల లాగులు. ఆఫీసులో టక్ చేసుకుని తిరిగే మహానుభావులందరూ చేతులు చాచి తలకిందులుగా వేలాడుతున్నారు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. పప్పు మాడిపోయింది.

ఇంట్లో ఉన్న పెద్ద కాన్వాస్ తీసి మొదలుపెట్టాను. మొదట బట్టలు ఎగ్జిబిషన్‌లో జెండాల్లా వచ్చాయి. గీకేశాను. మళ్ళీ వేశాను, మళ్ళీ జెండాలే. రోజూ కిటికీ దగ్గర నిలబడి చూడగా చూడగా తెలిసింది: తడిసిన బట్ట ఎగరదు, వేలాడుతుంది. నీళ్ళు కిందికి జారి అంచు దగ్గర రంగు ముదురుతుంది. పైన ఆరి వెలుస్తుంది. ఆ బరువు చేతికి దొరికాక ఇక ఆగలేదు. సగం నైటీ వేశానో లేదో వాన దిగేది. ఎదురు బ్లాకావిడ పరుగున వచ్చి గడ లోపలికి లాగేసేది. మర్నాడు ఆ నైటీ కోసం నేను ఎదురుచూసినట్టు మా ఆయన కోసం కూడా ఎప్పుడూ ఎదురుచూడలేదు.

బొమ్మ పూర్తయింది. నాది. దాన్ని చూసుకుంటూ అన్నం కూడా దాని ముందే తిన్నాను.

అప్పుడే మా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన మేనేజరుగారు సెంగ్‌కాంగ్‌లో కాండో, అంటే ఖరీదైన ప్రైవేటు ఫ్లాట్, కొన్నారు. గృహప్రవేశానికి ఏడు గుర్రాలు కావాలి, ఈ ఆదివారానికే.

“ఇంత పెద్ద కాన్వాస్ ఇప్పుడెక్కడ తెస్తావ్? దీని మీదే వేసెయ్. ఉతికిన బట్టలేగా!” అన్నాడు.

నా బొమ్మ మీద గుర్రాలు తొక్కుకుంటూ పోవడం కళ్ళ ముందు కనబడింది. ఒళ్ళు మండిపోయింది. చెరిపేయడం కంటే ఇచ్చేయడం నయమనుకున్నాను. ఆదివారం దాకా కాన్వాస్‌ని గోడవైపు తిప్పి ఉంచి, ఆ పొద్దున గట్టిగా కాగితం చుట్టి, గుర్రాలేనన్నట్టు ఆయన చేతిలో పెట్టాను. టాక్సీలో దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని, “గుర్రాలు జాగ్రత్త” అంటూ కూర్చున్నాడు పాపం.

మేనేజరుగారి భార్య అందరి ముందూ కాగితం విప్పింది. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

“గుర్రాలేవమ్మా?” అంది ఆవిడ.

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి ఒక కేక. మా ఎదురు బ్లాకావిడ. “ఓసినీ! అది నా నైటీ!” ఇంకొకావిడ దగ్గరికొచ్చి వంగి చూసి, “అయ్యో, మా ఆయన బనియను చిరుగు కూడా వేసేసింది చూడండే!” అంది. ఆడవాళ్ళందరూ బొమ్మ చుట్టూ మూగి ఎవరి బట్టలు వాళ్ళు వెతుక్కుంటూ ఒకటే నవ్వు. మేనేజరుగారి భార్య మాత్రం గబగబా గుంటూరుకి ఫోన్ కలిపింది. సిద్ధాంతిగారు అన్నీ విని చొక్కాలెన్నని అడిగారట. లెక్కపెట్టారు. ఏడున్నాయి. చేతులు లోపలి వైపే ఉన్నాయి. శుభం, తూర్పు గోడకి పెట్టుకోండి అన్నారాయన.

ఇంకేముంది, వారం తిరిగేసరికి గుర్రాలు పోయి చొక్కాలొచ్చాయి. ఏడు చొక్కాలు, ఇస్త్రీ చేసినట్టుండాలి, లోపలికి ఎగురుతుండాలి. ఒకాయన చొక్కా జేబుకి ఆఫీసు బ్యాడ్జి కూడా పెట్టమన్నాడు. ఎదురు బ్లాకు చూద్దామని కిటికీ తెరిచి నిలువునా నీరైపోయాను. నైటీలు లేవు, లంగాలు లేవు. గడల నిండా కంచిపట్టు చీరలు, అదీ బొట్టు నీళ్ళు లేకుండా! నేను చూస్తానని ఆరేశారు. నాకు ఏడుపొచ్చింది. దొరక్క దొరక్క దొరికిన ఒక్కదాన్నీ గృహప్రవేశం చేసేశారు కదా అనుకున్నాను.

పట్టు చీరలు ఎప్పుడు తీస్తారమ్మా అని అడగడానికి ఎదురు బ్లాకావిడ ఇంటికే వెళ్ళాను. ఆవిడ వంటింట్లో కాఫీ కలుపుతూ, “మీ గడ ఇక్కడి నుంచి రోజూ కనిపిస్తుందండీ” అంది.

చూశాను. మా కిటికీ కింది గడ మా కిటికీలోంచి నాకు ఎప్పుడూ సరిగ్గా కనబడలేదు. మా ఆయన చొక్కాలు వరసగా, తెల్లగా, దర్జాగా ఉన్నాయి. చివర్న, గాలికి కూడా ఒదిగి, నా నైటీ. ఒకప్పుడు అది ఆకుపచ్చది. ఇన్నాళ్ళూ నేను అందరికీ వేసిన గుర్రాల రంగులన్నీ దాని మీదే ఉన్నాయి. ఎన్నిసార్లు ఉతికినా పోని మరకలు. కాఫీ చల్లారిపోయిందని ఆవిడ అనేదాకా అక్కడే నిలబడ్డాను.

ఆ బొమ్మ ఆవిడ వంటింట్లోనే నిలబడి వేశాను. సిద్ధాంతిగారికి చెప్పలేదు. రివ్యూకి ఎవరినీ రానివ్వలేదు. ఆరాక తెచ్చి మా హాల్లో, తలుపు తీయగానే కనబడే గోడకి నేనే మేకు కొట్టి తగిలించాను.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పుతూ దాని వంక చూశాడు. “చొక్కాలు బాగా కుదిరాయి” అన్నాడు. తర్వాత మొహం చిట్లించాడు. “ఆ చివరిది ఎవరిది? అంత మురికి నైటీ నలుగురూ చూసేలా ఆరేసుకోవడానికి సిగ్గు లేదూ?”

“మనింట్లోనే ఉంటుందండీ ఆవిడ,” అన్నాను. “ఖాళీయే.”